గేటు దగ్గరి ఆదివారాలు

భర్తల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు అండగా ఉండే కేంద్రంలో నేను కౌన్సిలర్ని. ఊరు మారిన ప్రతిసారీ నాకు ఉద్యోగం కన్నా ఇల్లే పెద్ద సమస్య. ఆఫీసు దగ్గర పోలీసులుంటారు కాబట్టి కోపమొచ్చిన భర్తలు ఆదివారం పూట నా ఇంటికే వస్తారు. మొదట పెద్దమనుషులతో మర్యాదగా, తర్వాత తాగి ఒంటరిగా.

సూర్యాపేటలో ఇంటి ఓనరు నాది గవర్నమెంటు పని అని మురిసిపోయి ఇల్లిచ్చాడు. తిరుమలగిరి నుంచి ఒకతను వచ్చి, నేను సంసారాలు కూలుస్తానని వీధంతా వినేలా చెప్పాక ఆ మురిపెం తీరింది.

కోదాడలో తెలివి తెచ్చుకుని టీచర్నని చెప్పాను. మర్నాడే ఓనరు ఇద్దరు మనవరాళ్లను ట్యూషన్‌కు పంపాడు. పగలంతా కాపురాలు, సాయంత్రం భిన్నాలు. చిలుకూరు నుంచి ఒక భర్త వచ్చి నా అసలు పని ఏమిటో అరిచి చెప్పేదాకా బాగానే గడిచింది. పిల్లలకు లెక్కల్లో మంచి మార్కులొస్తుంటే ఇలా అయిందని ఓనరు నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే ఖాళీ చేయమన్నాడు.

మిర్యాలగూడలో ముందే నిజం చెప్పేశాను. రైసుమిల్లులో గుమాస్తాగా చేసే ఓనరు కాసేపు ఆలోచించి, గేటు దగ్గర లొల్లి కాకూడదన్న షరతు మీద పై పోర్షన్ ఇచ్చాడు. షరతు నాకు అర్థమైంది. వాడపల్లి నుంచి వచ్చినవాడికి ఎవరూ చెప్పలేదు. పెళ్లాన్ని ఎక్కడ దాచావంటూ వరసగా ఆదివారాలు వచ్చి అరిచాడు. నేను తలుపేసుకుని బెండకాయలు తరిగాను. భయం వేయలేదంటే అబద్ధం, ముక్కలు ఒక్కటీ సమంగా రాలేదు.

చివరికి ఓనరు మెట్లెక్కి వచ్చి నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఈసారి ఏడుపొచ్చింది. ఇల్లుతో పాటు ఉద్యోగం కూడా వదిలేద్దామనుకున్నాను. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు సర్దుతుంటే ఓనరు భార్య పైకి వచ్చింది. అంతవరకు ఆమె నాతో నీళ్ల మోటారు గురించి తప్ప మాట్లాడింది లేదు.

"సర్దకు మేడం. ఆయన్ని నేను బతిమిలాడుకుంట," అంది.

నేనుంటే లొల్లి మళ్లీ అవుతుందని చెప్పాను.

"కానియ్. వాడొచ్చి మొత్తుకున్న దినం మా ఆయన నా మీద చెయ్యి లేపడు. నువ్వు పోతే ఇగ గా ఆదివారాలు గూడ నాకుండయి."

పెట్టెలోంచి రెండు గ్లాసులు తీసి, చాయ్ పెడతాను కూర్చోమన్నాను.