రెండు కుక్కర్ పిడులు

మొన్న పప్పు కుక్కర్ పిడి వదులైంది. స్క్రూ బిగించకుండా పొయ్యి మీద పెట్టిన పాపానికి దానికి మంట తగిలి, కాలిన వాసన వంటిల్లంతా కమ్మింది. ఇంకెవరైనా అయితే చటుక్కున పొయ్యి ఆపేస్తారు. నేను మాత్రం పొయ్యి ఎడమ వైపు నాబ్ మీద చెయ్యి వేసి, ఎవరూ లేని వంటింట్లో పైకే అడిగాను: "ఎడమది. కన్ఫర్మ్?" జవాబు చెప్పేవాళ్లు లేరని గుర్తొచ్చేలోపు పిడి ఇంకొంచెం కాలింది. ఈ జబ్బు నాకు అంటించింది మా వీధిలో అందరూ విమానం సార్ అని పిలిచే మురళీధర్ గారు. దాన్ని ఆయన నాకిచ్చిన చదువు అనాలో, ఆయన దాచుకున్న కష్టంలో నా వాటా అనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సూర్యాపేటలో మా మందుల షాపుకు ఆయన మొదటిసారి వచ్చిన రోజే గొడవైంది. బీపీ గోలీల షీటు ఇచ్చాను. ఆయన కదలలేదు.

"ఏమ్మా, ఈ షీటు నువ్వు కాకుండా ఇంకెవరైనా చూశారా?"

"ఇంకొకరు ఎందుకు చూడాలె? నేను బి.ఫార్మసీ చదివిన. మీరేం చదివిన్రు?"

"నేను విమానాలు కూల్చడం నేర్పేవాణ్ణి" అన్నారు, నవ్వకుండా.

ఎవరో తిక్క మనిషి అనుకున్నాను. తరువాత ఆయన భార్య భారతక్క చెప్పింది. సొంతూరు కోదాడ. రెక్కకొక పంకా తిరిగే విమానాలు ఏళ్ల తరబడి నడిపి, ఆ తరువాత సిమ్యులేటర్‌లో కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చి, రిటైరయ్యాక మా వీధి చివర మేడమీద కిరాయికి దిగారు. సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే విమానం ముందు భాగం. అందులో ఇంజన్లు ఆగిపోతాయి, మంటలు లేస్తాయి, రన్‌వే కనబడదు. మనుషులకు మాత్రం ఏమీ కాదు. "చావకుండా చచ్చి చూసే గది" అనేవారు సార్.

మా అమ్మాయి శ్రావ్య పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, ఉద్యోగానికి ముందు అలాంటి గదిలోనే పరీక్షకు కూర్చుని ఫెయిలైంది. ఒక ఇంజన్ ఆగగానే, పక్క పైలట్‌తో ఒక్క మాట అనుకోకుండా, ఇంజన్‌ను పూర్తిగా మూసేసే పిడి లాగేసింది. లాగింది ఆగిన ఇంజన్ పిడి కాదు, మంచిగ నడుస్తున్నదాని పిడి. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే.

"నీ నోటి తొందర దాని చేతికి దిగింది" అన్నారు సార్, నేను వెళ్లి గోడు చెప్పుకుంటే. నా తొందరకూ దాని చేతికీ సంబంధం లేదని అరగంట వాదించాను. ఓపికగా విని, "అయిందా? రేపట్నించి ఇద్దరూ రండి" అన్నారు.

మేడమీద గదిలో ప్లైవుడ్ గోడ, దానికి అంటించిన మీటర్ల బొమ్మలు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, కాళ్ల కింద పెడల్స్‌కు బదులు పీటలు. కుర్చీల మధ్య ఒక చెక్కపెట్టె, దాని మీద బిగించిన రెండు పాత కుక్కర్ పిడులు. ఎడమ ఇంజన్‌కొకటి, కుడి ఇంజన్‌కొకటి.

"వాటి మీద పేర్లు రాస్తే ఏమైతది సార్?"

"రాస్తే చదువుతారమ్మా. చూడరు."

ఆయన పద్ధతి ఒక్కటే. ఇంజన్ ఆగితే విమానం ముక్కు ఆ వైపుకే తిరుగుతుంది. నడిపే మనిషి దాన్ని ఎదురు కాలితో తొక్కిపట్టాలి. పక్క మనిషి ఆగిన ఇంజన్ పిడి మీద చెయ్యి వేసి, లాగకుండా, "కన్ఫర్మ్?" అని అడగాలి. నడిపే మనిషి ఆ చేతిని కళ్లతో చూసి, అవునో కాదో చెప్పాలి. అప్పుడే లాగాలి. శ్రావ్య నడిపేది, నేను చెయ్యి వేసి అడిగేదాన్ని. నెల రోజులు, పొద్దున షాపు తెరిచే ముందు ఇదే పని. రెండో వారానికే బజార్లో కూరగాయలామెను కూడా కన్ఫర్మ్ అని అడుగుతున్నానని శ్రావ్య పడీపడీ నవ్వింది.

పరీక్షకు మూడు రోజుల ముందు సార్ మా కుర్చీలు మార్చారు. శ్రావ్యను వెనక నిలబడి చూడమన్నారు. నేను నడపాలి, ఆయన నా పక్కన. "ముక్కు ఎడమకు పోతోంది" అన్నారు. కుడికాలితో పీటను తొక్కాను. ఆయన ఒక పిడి మీద చెయ్యి వేశారు.

"ఎడమ ఇంజన్. కన్ఫర్మ్?"

"కన్ఫర్మ్ సార్."

"అమ్మా!" అని అరిచింది శ్రావ్య. "సార్ చెయ్యి కుడి పిడి మీదున్నది! సూస్తలేవా?"

ఊళ్లో అందరితో వాదించేదాన్ని, ఆయన చేతిని మాత్రం చూడనే లేదు. సార్ చెప్తే తప్పెట్లా అవుతుంది అనుకున్నాను. "చచ్చిపోయాం. వెనకున్నోళ్లు కూడా" అన్నారు సార్. తరువాత నా వైపు వంగి, శ్రావ్యకు వినబడనంత మెల్లగా అడిగారు: "నేను ఏ పిడి పట్టుకున్నానమ్మా?"

అది పాఠం అడిగినట్టు లేదు. అలాగని లేకుండానూ లేదు.

మెట్లు దిగుతుంటే శ్రావ్య, "సార్ కావాలనే చేసిండమ్మా, మనకు పరీక్ష" అంది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. ఆ మనిషే తడబడితే, నెల రోజులుగా నా బిడ్డకు నేర్పింది సరైనదేనా? రెండు రోజులు షాపు మూసేసి, శ్రావ్య చేత ట్రైనింగ్ పుస్తకం తెరిపించి, సార్ చెప్పిన ప్రతి మాటనూ వరుసగా సరిచూశాం. ఒక్కటీ తప్పు లేదు. నా అయోమయం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

శ్రావ్య పాసైంది. సంచి నిండా బత్తాయిలు తీసుకుని మేడ ఎక్కాను. ఆయన ఒక్కరే ఉన్నారు.

"సార్, నిజం చెప్పున్రి. ఆ రోజు కావాలనే పట్టుకున్నరా?"

"నా సంగతి ఎందుకమ్మా? నువ్వు చూశావా లేదా, అది చెప్పు."

"నేను అడిగింది అది కాదు సార్."

"నేను అడిగింది అదే" అని బత్తాయి ఒలవడం మొదలుపెట్టారు. వాదనలో నేను ఓడిపోయింది ఆ ఒక్కసారే.

ఏడాది తిరక్కుండానే ఆయన నన్ను గుర్తుపట్టడం మానేశారు. తరువాత పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక భారతక్క నా చేతులు పట్టుకుంది. "మీ పిల్లకు నేర్పకముందు నుంచే ఇంటి దారి తప్పేవారు సునందా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. మతిమరుపు మందుల పేర్లు చూస్తే నీకు తెలిసిపోతుందని, వాటిని కోదాడ నుంచి తెప్పించేవాళ్లం." మా షాపులో కొనడం మానేశారని ఆ రోజుల్లో నేను ఎంత సణిగానో తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

అయినా నా మనసు ఊరుకోదు. తన చేతిని తాను నమ్మలేని మనిషి నా బిడ్డ బతుకును చేతిలోకి ఎలా తీసుకున్నాడని ఒకరోజు కోపమొస్తుంది. తనను తాను నమ్మలేడు కాబట్టే చూసే కళ్లను వెతుక్కున్నాడేమో, వాదించే నోరు పనికొస్తుందని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడేమో అని మరుసటి రోజు అనిపిస్తుంది. నాకు ఆ కుర్చీ శ్రావ్య కోసం వేశారా, ఆయన కోసమా? ఆయన కోసమే అయితే, అవసరమైన ఆ ఒక్కరోజూ నేను చూడలేదు.

ఇప్పుడు మా షాపులో ఒక్కరే చూసి ఏ మందూ ఇవ్వరు. నేను షీటు పట్టుకుని మా ఆడబిడ్డ పద్మను అడుగుతాను. చీటీ చూసి, షీటు చూసి, ఆమె అవునంటేనే కవర్‌లో వేస్తాను. రెండుసార్లు కాదంది. రెండుసార్లూ ఆమెతో జగడం పెట్టుకున్నాను. రెండుసార్లూ తప్పు నాదే.

ఆ కుక్కర్ పిడులను భారతక్క పాత పేపర్‌లో చుట్టి నాకే ఇచ్చింది. కౌంటర్ సొరుగులో పెట్టాను. అరిగిన తీరు, నలుపు, స్క్రూ రంధ్రం, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పెట్టె నుంచి ఊడదీశాక ఏది ఎడమదో ఏది కుడిదో చెప్పగలిగిన మనిషి లేడు. అయినా రోజూ షాపు తెరవగానే రెంటినీ బయటకు తీసి చూస్తాను.