నాయిన జీపులో చల్లగాలి

నిన్న పొద్దున కొత్తగూడ ఫ్లైఓవర్ మీద, ఈ చలికాలంలో మొదటిసారి కారులో హీటర్ వేశాను. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. వెంటనే ఆపేసి, ఆఫీసు దాకా వణుక్కుంటూనే వెళ్లాను.

నా చిన్నప్పుడు ఇక్కడ బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అప్పుడప్పుడే లేస్తున్న ఆఫీసులు, ఆ ఆఫీసులకు పొద్దున్నే ఉద్యోగులను చేరవేసే మా నాయిన జీపు. చలికాలం వస్తే నాయనమ్మ నన్ను కట్టెల పొయ్యి ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెనం మీది జొన్నరొట్టెను వెల్లుల్లి కారంలో అద్ది నోట్లో పెట్టేది. ఆమెకు ఆయాసం. పొగకు దగ్గేది, అయినా అక్కణ్ణుంచి లేచేది కాదు. నాయినకేమో బండెక్కినవాళ్లంతా ఇంటికొచ్చిన చుట్టాలే. తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కి, సీట్ల మీద దుప్పట్లు మడిచిపెట్టి, "చలి పెడ్తుందా మేడం, జర గీ దుప్పటి కప్పుకోన్రి" అనేవాడు.

ఒక ఏడు ఎండాకాలం జీపు ఇంజన్ ఊరికే మరిగిపోతోందని ఒక మెకానిక్ దాంట్లోంచి ఒక వాల్వు తీసి పారేశాడు. ఇత్తడి బిళ్ల, దానికో స్ప్రింగు. నాయిన చూడకుండా గౌను జేబులో వేసుకున్నాను. చలికాలం దాకా అదే నా ఆట. ఒక్కసారి నొక్కనిస్తే తోటిపిల్లల దగ్గర నాలుగు గచ్చకాయలు వసూలు చేసేదాన్ని. అబ్బో, ఎంత టెక్కో నాకు!

చలి మొదలవగానే హీటర్‌లోంచి చల్లగాలి. ఎక్కినవాళ్లంతా ఒకటే సణుగుడు. నాయిన గొట్టాలు మార్చాడు, రేడియేటర్ కడిగించాడు, దాని ముందు అట్టముక్క అడ్డం పెట్టాడు. లాభం లేక ఒక ఆదివారం నన్ను వెంటేసుకుని మూసాపేటలో ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

అతను చూసి నవ్వాడు. "వాల్వు తీసేస్తే ఇంజనే వేడెక్కదు, ఇగ హీటర్‌కు వేడి ఏడికెళ్లొస్తదన్నా? పాతది ఉంటే తే, ఇప్పుడే ఏస్త. కొత్తది తెప్పియ్యాల్నంటే వారమైతది."

నాయిన సీట్ల కిందంతా వెతికి నా వైపు తిరిగాడు. "నువ్వేమన్న చూసినవా బిడ్డా?"

"లే నాయినా" అన్నాను. అది ఇంట్లో నా గచ్చకాయల డబ్బాలో ఉంది. ఇస్తే మళ్లీ నాకు రాదు కదా!

కొత్త వాల్వు ఇంకా రాకముందే, నాలుగో రోజు తెల్లవారేసరికి నాయనమ్మకు ఊపిరందలేదు. జీపులో పడుకోబెట్టి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాం. నేను అరికాళ్లు రుద్దుతూ కూర్చున్నాను. నాయిన ఒక చేత్తో బండి తోలుతూ, ఇంకో చేత్తో హీటర్‌ను కొడుతున్నాడు, తిడుతున్నాడు, ఏడుస్తున్నాడు.

"సల్లగుంది బిడ్డా" అంది నాయనమ్మ. దవాఖాన చేరేసరికి నా చేతుల్లో ఉన్న కాళ్లు పూర్తిగా చల్లబడిపోయాయి.

ఆయాసం ముదిరిందన్నాడు డాక్టరు. హీటర్ పనిచేసినా బతికేది కాదేమో. ఆ 'ఏమో' నన్ను ఇన్నేళ్లుగా తింటూనే ఉంది. దినాలు కాకముందే ఆ వాల్వును బండల్లోకి విసిరేశాను. ఆ బండలనూ పేల్చేసి అపార్టుమెంట్లు కట్టేశారు.

నాయిన ఇప్పుడు మణికొండలో నా దగ్గరే ఉంటాడు. ఇంటికి ఎవరొచ్చినా, "మా అమ్మను సంపుకున్నది నేనే. అందర్నీ వెచ్చగ తోల్కపోయి, అమ్మను చలిల పండబెట్టిన" అని చెప్పుకుంటాడు. నిజం నోటిదాకా వస్తుంది, మింగేసి వంటింట్లోకి వెళ్లిపోతాను.

నాయినకు చదవడం రాదు. అందుకే ఇది రాయగలిగాను.