బెంచీ మామయ్య మోకాళ్లు

మా మామయ్యకు ఈ లోకంలో నచ్చిన పని ఒక్కటే: కూర్చోవడం. అదీ బెంచీ మీద. ఇందులో వింతేముంది, మా ఇంట్లోనూ అలాంటివాళ్లు ఇద్దరున్నారు అంటారేమో. ఉండొచ్చు. కానీ వాళ్లు ఊరు చూపించే వ్యాను నడపరు కదా! మా మామయ్య నడుపుతాడు. సముద్రం ఒడ్డునున్న మా ఊరికి ఎండ కోసం, గాలి కోసం, లైట్‌హౌస్ కోసం, పాత కోట కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లను ఎక్కించుకుని, ఊళ్లో ఉన్న మంచి మంచి బెంచీలన్నీ తిప్పి చూపించి, క్షేమంగా దింపేస్తాడు.

"ఇది పొద్దుటి బెంచీ అండి. ఎండెక్కిందంటే పెనమే. సాయంత్రం బెంచీ ఆ మలుపులో ఉంది. వీపు ఆనించుకుంటే కన్నతల్లి ఒళ్లో కూర్చున్నట్టుంటుంది."

"అది సరేనండీ, లైట్‌హౌస్ ఎక్కడ?"

"ఈ బెంచీ వెనకాలే ఉంది. కానీ ఎందుకండీ ఎక్కడం? పైకెళ్తే ఏం కనిపిస్తుంది? సముద్రం. ఇక్కడ కూర్చుంటే ఏం కనిపిస్తోంది? సముద్రం. పైనుంచి ఇంకా దూరంగా కనిపిస్తుంది. దగ్గరున్నదాన్ని దూరం చేసుకోడానికి అన్ని మెట్లెక్కాలా?"

చేపల మ్యూజియంలో పెద్ద అద్దానికి ఎదురుగా ఒక బెంచీ ఉంది. అదంటే ఆయనకు ప్రాణం. "మనం తిరగనక్కర్లేదు, చేపలే మన ముందుకొచ్చి తిరిగి వెళ్తాయి" అంటాడు. కోటలో బురుజు నీడన ఉన్న రాతి బెంచీకి రెండో స్థానం ఇచ్చాడు. పడవ షికారు మాత్రం ఆయనకు గిట్టదు. "బెంచీ ఉంది కానీ, అది కదుల్తోందిరా!"

తను కూర్చుంటే సరిపోయేది. తోడు కావాలంటాడు. గుంపంతా పైకెక్కబోతుంటే సరిగ్గా అప్పుడే మోకాలు పట్టుకుని "అబ్బా!" అంటాడు. అందరి మొహాలూ చూసి ఒకర్ని ఎంచుకుంటాడు. "మీరొక్కరూ నా దగ్గరుండండి. ఒక్కణ్నే కూర్చుంటే నాకు అదోలా ఉంటుంది." వ్యానెడు మంది ముందు ఒక పెద్దమనిషి అలా బతిమాలుతుంటే ఎవరు కాదంటారు? ఆ దొరికినవాళ్లు ఆయనతోపాటు ఐస్‌క్రీం తింటూ కిందే ఉండిపోతారు.

లైట్‌హౌస్ దగ్గర కుడి మోకాలు, కోట దగ్గర ఎడమ మోకాలు. ఇదేం జబ్బని అత్తయ్యని అడిగాను. "ఇంట్లో ఏ మోకాలూ నొప్పెట్టదు నాయనా. గిన్నెలు తోమమంటే మాత్రం రెండూ" అంది.

చివరికి ట్రావెల్స్ యజమానురాలికి ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడ చండశాసనురాలు. మామయ్యను ఆఫీసుకు పిలిచి నిలబెట్టింది. నిలబెట్టడమే ఆయనకు సగం శిక్ష.

"ఏమండీ, డబ్బులు తీసుకుని మనం బెంచీలు చూపిస్తున్నామా? 'మా బాబాయి కొండలెక్కుతానని దారంతా చెప్పుకొచ్చాడు, మీ డ్రైవరు మెట్టు ఎక్కనివ్వలేదు' అని ఒకాయన గోల. ఈ ఆదివారం వ్యానులో నేనూ వస్తున్నా. మీరు గెస్టులతో పైదాకా వెళ్లాలి. బెంచీ మీద కనిపించారో, మర్నాటి నుంచి మీకు సామాన్ల వ్యానే!"

సామాన్ల వ్యానంటే హోటళ్లకు సూట్‌కేసులు చేరవేసేది. మామయ్య సాయంత్రం మా ఇంటికొచ్చి, సోఫాలో కూలబడి, "సూట్‌కేసులతో ఏం మాట్లాడతాన్రా?" అన్నాడు. ఆయన మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కరోజు మెట్లెక్కు మామయ్యా, పోయిందేముంది?"

"ఎక్కుతాలేరా" అన్నాడు నీరసంగా.

ఆ ఆదివారమే మా అత్తమామలు ఊరు చూస్తామన్నారు. మా మామగారు ఎవరి మాటా వినే రకం కాదు. డాక్టరు ఆయన్ని మెట్లు ఎక్కొద్దన్నాడు. "ఆ మాట ఎత్తకండి, ఎత్తితే ముందు ఆయనే ఎక్కుతాడు" అని మా ఆవిడ నన్ను హెచ్చరించింది. నేను ఎత్తలేదు. మామయ్యకూ చెప్పలేదు. పాపం, ఆయన ఉద్యోగం ఆయనకుంది.

యజమానురాలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మామయ్య ఒక్క బెంచీ పేరెత్తకుండా కొండ దారంతా బండి నడిపాడు. అది ఆయనకు ఉపవాసంతో సమానం.

లైట్‌హౌస్ వచ్చింది. మా మామగారు దిగుతూనే ప్యాంటు పైకి లాక్కున్నారు. "ఎన్ని మెట్లున్నా సరే, ఆగకుండా ఎక్కేద్దాం!" మా ఆవిడ మొహం పాలిపోయింది.

"మీరూ పదండి" అంది యజమానురాలు మామయ్యతో.

మామయ్య మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. వెనక్కి తిరిగి అందర్నీ ఒకసారి చూశాడు. "అబ్బా!" అన్నాడు.

కుడి మోకాలు.

"మేడమ్, ఇవాళ కూడా నావల్ల కాదు."

"అయితే రేపట్నుంచి సూట్‌కేసులే."

"అలాగే మేడమ్" అని, మా మామగారి చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, మీరొక్కరూ నా దగ్గరుండండి. ఉద్యోగం కూడా పోయింది, ఒక్కణ్నే కూర్చోలేను."

మా మామగారు లైట్‌హౌస్ వైపు చూసి, నిట్టూర్చి, మామయ్య భుజం తట్టారు. "నేను ఎక్కేవాణ్నే. కానీ ఈ స్థితిలో మిమ్మల్ని వదిలి ఎలా వెళ్తాను? రండి, కూర్చుందాం." ఆయన మనసు మారేలోపే మా ఆవిడ మమ్మల్ని మెట్ల వైపు తోసింది.

మేం ఎక్కడం మొదలుపెట్టాం. గుండ్రంగా తిరిగే మెట్లు, ఇరుకు గోడలు. మొదటి కిటికీ దగ్గర యజమానురాలు కిందికి చూసింది. రెయిలింగు రెండు చేతులా పట్టుకుంది. "ఫోనొస్తోంది, మీరు వెళ్తూ ఉండండి" అని మోగని ఫోను చెవిన పెట్టుకుని దిగిపోయింది.

తీరా పైకెళ్లాక మా అత్తగారికి కళ్లజోడు గుర్తొచ్చింది. వ్యానులో ఉండిపోయిందట. అది లేకపోతే ఆవిడకు సముద్రమూ ఆకాశమూ ఒక్కటే. నేను దిగాను.

బెంచీ మీద ముగ్గురున్నారు. మా మామగారు తాను కుర్రతనంలో ఎక్కిన కొండల గురించి చెప్తున్నారు. యజమానురాలు ఐస్‌క్రీం తింటోంది. మామయ్య కుడికాలు చాపుకుని ఊ కొడుతున్నాడు. నా మాట విని తాళాలు తీసుకుని కుంటుతూ లేచాడు. లైట్‌హౌస్ మలుపు తిరిగి మా మామగారి కనుచూపు దాటగానే ఆ కుంటు మాయమైంది. వ్యాను తలుపు తీసి, కళ్లజోడు జేబులో వేసుకుని, "నువ్వు రొప్పుతున్నావు, ఇక్కడే ఉండు" అని లైట్‌హౌస్ వెనక గుమ్మంలోంచి మెట్ల మీద ఉడతలా ఉరికాడు. నేను నోరు తెరిచేలోపు పైనుంచి మా అత్తగారి "ఆహా, ఎంత సముద్రమో!" వినిపించింది.

వెనక్కి తిరిగితే యజమానురాలు నిలబడి ఉంది. అంతా చూసింది.

మామయ్య దిగొచ్చి ఆవిణ్ని చూసి, చటుక్కున ఎడమ మోకాలు పట్టుకున్నాడు.

"ఇందాక కుడికాలు కదండీ?"

"దిగేటప్పుడు ఎడమకు మారుతుంది మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "ఆ పెద్దాయన ఎక్కలేడని మీకెవరు చెప్పారు?"

మామయ్య గొంతు తగ్గించాడు. "వ్యానెక్కే ముందు కళ్లద్దాలు తుడుచుకోడానికి ఆగారు మేడమ్. దిగాక మళ్లీ ఆగారు. అద్దాల మీద దుమ్మేం లేదు, ఆగింది ఊపిరి అందక. 'మీరు ఎక్కలేరు' అంటే ఆ మనిషి ఎక్కేస్తాడు. 'నేను ఎక్కలేను' అంటే కూర్చుంటాడు."

"మరి నేను వచ్చేసరికి బెంచీ మీద నాకు చోటెందుకుంచారు?"

"కొండ మలుపుల్లో మీరు బ్యాగుని పీక పిసికినట్టు పట్టుకున్నారు మేడమ్."

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నాకు ఫోన్లు చేసి తిట్టినవాళ్లంతా పైకెక్కినవాళ్లే. కింద కూర్చున్నవాళ్లు ఒక్కరూ చెయ్యలేదు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

"మరి రేపట్నుంచి సామాన్ల వ్యాను..." అని నసిగాడు మామయ్య.

"దానికి ఇంకొకర్ని చూసుకుంటాను. మోకాళ్లు బాగోని మనిషి బరువులు మొయ్యకూడదు" అని ఆవిడ చకచకా బెంచీ వైపు నడిచింది. ఐస్‌క్రీం కారిపోతోంది మరి.

మా మామగారు ఊరెళ్లాక కూడా ఫోను చేసినప్పుడల్లా ముందడిగేది మా మామయ్య గురించే. "పాపం, ఆ రోజు నేను లేకపోతే ఏమైపోయేవాడో! ఈసారి వచ్చినప్పుడు కూడా నేనే కూర్చుంటానని చెప్పు" అంటారు. పోయిన వారం మోకాలికి తొడుక్కునే పట్టీ ఒకటి కొని పంపించారు.

మామయ్య దాన్ని బీరువాలో భద్రంగా దాచాడు. మా మామగారు మళ్లీ వచ్చినప్పుడు వేసుకోవాలట. ఏ కాలికో గుర్తుపెట్టుకునే పని అత్తయ్యకు అప్పగించాడు.