తాళం చూసి తిరిగొచ్చిన రోజు

తెలియని నంబరు నుంచి రెండుసార్లు ఫోను వస్తే కట్ చేశాను. బ్యాంకు పేరు చెప్పి మోసం చేసేవాళ్లు ఎక్కువైపోయారు. మూడోసారి ఎత్తి, ఎవరని కటువుగానే అడిగాను. అవతల మా సూపర్‌వైజరు గారి కూతురు, కోల్‌కతా రేవు పక్కన వాట్‌గంజ్ నుంచి. "నాన్న పొద్దున్న పోయారు దీదీ. మీకు సెప్పమని అమ్మ అంది."

ఆ కటువుతనానికి ఆయనైతే తప్పు పట్టేవారు కాదు. తలుపు తీసేముందు ఎవరని అడగనివాళ్లనే ఆయన నమ్మేవారు కాదు.

మాది ప్రభుత్వ గణాంకాల ఆఫీసు, మా పని గురించి మీకు రెండు మాటలు చెప్పాలి. సెలూన్లు, లాండ్రీలు, ట్యూషన్ సెంటర్లు, భోజన హోటళ్లు, ట్రావెల్స్, కోల్‌కతాలో ఇలాంటి సేవల వ్యాపారాల దగ్గరికి మూడు నెలలకోసారి వెళ్లి, పోయినసారి కంటే ఆదాయం పెరిగిందా తగ్గిందా అని అడిగి రాసుకొస్తాం. ఎవరిది ఎంతో బయటపెట్టం. అన్నీ కలిపి నగరం ఎటు పోతోందో చెబుతాం. కానీ ఆ ప్రశ్న పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎవరు నమ్ముతారు? కొత్తలో ఒక సెలూన్ ఆయన నన్ను "టాక్సు వాళ్లా దీదీ, పార్టీ వాళ్లా?" అని అడిగి, జవాబు వినకుండా గడ్డం గీయడంలో పడిపోయాడు.

మా సూపర్‌వైజరు గారికి మాత్రం అందరూ చెప్పేవారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవులో పనికి వచ్చారు. ఈయన వాట్‌గంజ్‌లోనే పుట్టారు. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో కలిపేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు సంచిలోంచి ఫారం తీసేవారు కాదు. కొట్టువాళ్లు టీ ఇప్పిస్తే తాగేవారు కాదు, తన టీ తనే కొనుక్కునేవారు. ఎవరైనా గుండ్రటి అంకె చెబితే రాసుకోకుండా ఇంకాసేపు కూర్చునేవారు. "సున్నాలు ఎక్కువున్నాయంటే ఆడు సెప్పనేదమ్మా, మనల్ని పంపించీసేడు" అనేవారు.

నేను గుంటూరు నుంచి వచ్చి ఆ ఆఫీసులో చేరిన ఏడాది, మిగతా అందరి వీధుల్లోనూ ఆదాయం పెరుగుతూ పోయింది. ఆయన వీధుల్లో మాత్రమే తగ్గుతూ వచ్చింది. మా అధికారి నన్ను గదిలోకి పిలిచారు. "ఊరంతా బాగుపడుతుంటే ఈయన గల్లీలే మునిగిపోతున్నాయా? ఇంట్లో కూర్చుని ఫారాలు నింపుతున్నాడేమో చూడు. ఆయనకు తెలియనివ్వకు."

నాకు ఆ పని నచ్చింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు కష్టంగా ఉంది, కానీ నచ్చింది. అప్పటికే నాకూ అనుమానం ఉంది. అంతమంది ఈయన ఒక్కడికే ఎందుకు చెబుతారు?

ఆయన లిస్టు పట్టుకుని బయల్దేరాను. మూడో చిరునామా ఒక లాండ్రీ. షట్టరు దించి ఉంది, తాళం తుప్పు పట్టింది. పక్క పాన్ కొట్టతను, నెలల కిందటే, దుర్గా పూజలకు ముందే మూసేశారన్నాడు. నా చేతిలోని ఫారం మీద మాత్రం రెండు వారాల కిందటి తేదీ, యజమాని సంతకం ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ సాయంత్రమే నోట్ రాసిచ్చాను.

ఆయన్ని వీధుల్లోంచి తీసేసి, బీరువాల పక్కన ఫైళ్లకు నంబర్లు వేసే పనిలో కూర్చోబెట్టారు. భోజనాల వేళ ఆయన బల్ల దగ్గర మిగతావాళ్లు కూర్చోవడం మానేశారు. ఆయన వారం తరవాత నా దగ్గరికి వచ్చారు.

"లాండ్రీకి ఎల్లేరంట కదమ్మా."

"వెళ్లానండి."

"తాళం సూసేరు."

"చూశాను."

"ఎవులేసేరో, ఎందుకేసేరో అడిగేరా?"

అడగలేదని తల అడ్డంగా ఊపాను. "శనివారం నాతోటి ఓపాలి రండి" అన్నారు.

అది కూడా అనుమానించాను. ఎవరినో తయారుచేసి పెట్టుంటారనుకున్నాను. వెళ్లేముందు మా రూమ్మేట్‌కి ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను. ఆయన బస్సులో హౌరా వంతెన దాటించి టికియాపారా అనే పేటకు తీసుకెళ్లారు. రైల్వే క్వార్టర్ల వెనక వరస గదుల్లో ఒకదానిలో, ఒకతను డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ లాండ్రీ యజమాని అతనే. కొట్టు చిరునామా అడిగాను, ఎప్పుడు మూశావని అడిగాను, చివరికి నా నోటుబుక్కులో సంతకం కూడా పెట్టించుకున్నాను. ఫారం మీది సంతకమే. మా సూపర్‌వైజరు గారు గుమ్మం బయట నిలబడి అటు తిరిగి రైళ్లు చూస్తున్నారు.

"అద్దె కట్టలేక మూసేశాను దీదీ" అన్నాడతను హిందీలో. "మూసేశాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది ఈయన ఒక్కరే."

తిరిగొస్తుంటే బస్సులో అడిగాను, మరి మిగతావాళ్ల వీధుల్లో ఎలా పెరుగుతోందని.

"ఆళ్లేటి సేస్తారు? మూసిన కొట్టు కనిపిస్తే దాని పేరు కొట్టీసి, పక్కన తెరిసున్న కొట్టు రాసుకుంటారు. అప్పుడు లిస్టులో అందరూ బతికున్నోళ్లే కదమ్మా. ఆదాయం పెరక్కేటి సేస్తాది?"

సోమవారం పాత లిస్టులూ కొత్త లిస్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన చెప్పినట్టే ఉంది. నా మొదటి నోట్ తప్పని రెండోది రాశాను. మా అధికారి చదివి, "మీరిద్దరూ తెలుగువాళ్లేగా" అన్నారు. అంతే. ఆ తరవాత కొన్ని నెలలు నా ఫారాలు కూడా రెండోసారి తనిఖీకి వెళ్లేవి. ఆయన బల్ల దగ్గర భోజనానికి మేమిద్దరం మిగిలాం. ఆయన తెచ్చిన చేపల పులుసు డబ్బా మూతలో కొంచెం నాకు పెట్టేవారు.

అధికారి బదిలీ అయ్యాక వచ్చినావిడ మూసిన కొట్లన్నీ తిరిగి చూడమన్నారు. నగరం లెక్క కొంచెం కిందికి దిగింది. రిటైరవడానికి ఏడాది ఉందనగా ఆయన మళ్లీ వీధుల్లోకి వెళ్లారు. ఆఫీసు ఆయనకు క్షమాపణ చెప్పలేదు. నేను చెప్పాను.

"అనుమానపడ్డం మీ పనేనమ్మా" అన్నారు. "సగంలో ఆపీడమే తప్పు."

రెండు నెలల కిందట ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే బెంగాలీ అమ్మాయి అప్పుడే వచ్చింది. ఆయన ఆమెను బెంగాలీలో ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అడిగారు, రోజుకి ఎన్ని ఇళ్లకు వెళ్తావు, పోయినేడుతో పోలిస్తే ఎలా ఉంది అని. ఆ అమ్మాయి పట్టుకున్న ఆయన చేయి వదిలేసి నావైపు చూసింది. "ఎందుకు అడుగుతున్నారు?" అంది.

ఆయన నావైపు తిరిగి, "ఈ పిల్లకి కొట్టు నేదు, బోర్డు నేదు. మన లిస్టులో ఏ పేజీలోనూ నేదు" అన్నారు తెలుగులో. తరవాత ఊరికే ఎదురుచూశారు.

నేను సెలవు తీసుకుని చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆ అమ్మాయి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆయన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే తెరుస్తూ, మూస్తూ, తల వంచుకుని చిన్న గొంతుతో ఏదో చెబుతోంది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.