సగం విన్న కొండ

మా పక్కింటి కుర్రాడు బల్గేరియా వెళ్లొచ్చి, ఆ ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. కుర్రాడంటే ముప్ఫై ఐదేళ్లవాడు, కరీంనగర్ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేముండే ఈ పరాయి దేశపు ఊరు ఆడమ్స్‌టౌన్‌లో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. బల్గేరియాలో ఒక కొండ కొమ్మున, రెండు వేల ఏళ్లు దాటిన థ్రేసియన్ల గుడి ఉందట. థ్రేసియన్లంటే పూర్వం ఆ నేల మీద బతికిన జాతి. గుడికి గోడలూ కప్పూ ఏమీ లేవు. బండలోనే తొలిచిన మెట్లు, దేవుడికి వైన్ పోసే గుంటలు, అంతే. కారు వెళ్లదు, అడవిలో మూడు గంటలు నడవాలి.

"పొద్దుగాల్నే షురువు జేసిన ఆంటీ. అంత మంచే. నా కాళ్లు నాకే కనవడ్తలేవు," అని మొదలుపెట్టాడు.

నా భార్య పప్పన్నం ముద్ద నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేసింది.

నేను ఇరవై ఆరేళ్లు దినపత్రికలో విలేకరిగా పనిచేశాను. తుఫాన్లు, రైలు ప్రమాదాలు, మంత్రుల రాజీనామాలు అన్నీ చూసొచ్చి ఇంట్లో చెప్పాను. ఆమెకు ఈ పక్కనే బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి ఇద్దరం ఇక్కడికి మారాక కూడా చెబుతూనే ఉన్నాను. ఎన్నడూ ఆమె చేతిలో ముద్ద ఆగలేదు. "ఊఁ, మజ్జిగ పోసుకోండి," అనేది.

అతను కథలో సగం కొండ ఎక్కేసరికి నాకు వినబుద్ధి కాలేదు. పెరుగు తెస్తానని లేచి, వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. తిరిగొచ్చేసరికి కథ అయిపోయింది. ఆమె ఖాళీ కంచం ముందు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంది.

అతను వెళ్లేటప్పుడు ఫొటోలు చూపించమన్నాను. చెట్లు, మంచు, తడిసిన బూట్లు. గుడి మాత్రం ఒక్క దాంట్లోనూ లేదు. ఇతను పైకి వెళ్లనే లేదని నాకు ఆ క్షణమే అర్థమైంది. ఆ వారమంతా ఆ సంగతిని మరో పత్రికకు దొరకని వార్తలా దాచుకుని తిరిగాను.

తర్వాతి శనివారం తన కారులో మమ్మల్ని పక్క జిల్లా మీత్ వైపు తీసుకెళ్లాడు. అక్కడా ఒక కొండ, దాని మీద వేల ఏళ్లనాటి రాళ్లగుట్ట సమాధి. "అసొంటిదే ఆంటీ, కాకుంటే చిన్నది," అన్నాడు. తడి గడ్డిలో గొర్రెల మధ్యగా వాళ్లిద్దరూ ముందు నడిచారు. నేను వెనక. ఆమె నవ్వు గాలికి ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి మెట్లెక్కడానికే విసుక్కునే మనిషి, కొండెక్కుతూ నవ్వుతోంది.

పైన రాళ్లకు వీపులానించి కూర్చుని పెరుగన్నం డబ్బా తెరిచాం. ప్రెస్‌మీట్‌లో చివరి దాకా దాచుకునే ప్రశ్న ఒకటి ఉంటుంది. అలా అడిగాను.

"ఒక్క మాట. నువ్వు నిజంగా ఆ గుడి దాకా వెళ్లావా?"

అతను తడబడలేదు. "లేదంకుల్. ఆ దినం చెప్పిన గదా. ఇంకో అరగంట నడిస్తే గుడే. మంచు ఇంకింత కమ్మింది. దిగొచ్చేటాయన చెయ్యి అడ్డం వెట్టి, వోవద్దన్నడు."

"ఈయనప్పుడు గిన్నెలు తోముతున్నారులే," అంది నా భార్య. "ఎప్పుడూ ఇంతే. సభలకెళ్లినా ముఖ్య అతిథి మాట్లాడగానే లేచొచ్చి వార్త పంపేయడం. ఒకసారి ఈయన వచ్చేశాక పందిరి కూలింది. మర్నాడు పేపర్లో, సభ ప్రశాంతంగా ముగిసింది!"

"నిజమా అంకుల్?"

నిజమే. ఒప్పుకున్నాను. కానీ నన్ను తొలిచింది అది కాదు. "చూడని గుడి గురించి అంతసేపు ఏం విన్నావు?" అని ఆమెనే అడిగాను.

"వెనక్కి తిరిగిన చోటు గురించి. కూర్చుని ఉంటే తెలిసేది."

అతను గుడి చూసొచ్చి ఉంటే, గొప్పంతా ఆ గుడిదేనని సరిపెట్టుకునేవాణ్ని. ఇతను నాకు ఆ ఊరట కూడా మిగల్చలేదు.

"మళ్లీ చెప్పు బాబూ, అక్కణ్నుంచి," అని నా భార్య, నా వైపు తిరిగి, "మీరు లేవకండి," అంది.

అతను చెంచా పక్కన పెట్టాడు. "ఆడ్నే కూసున్న. పైన గుడున్నదని ఎరుకే, కనవడదు. మా నాయనమ్మ జాతరకు వోలేని యేడు, ఊరవతలికొచ్చి ఆ దిక్కు మొకం వెట్టి బెల్లం వెట్టేది. నా సంచిల బెల్లం యాడిది? బ్రెడ్ ముక్కుండె. బూట్లిడిశి, రాయి మీద అదే వెట్టి, ఆ మంచుకే మొక్కిన. ఎవల దేవుడో నాకేం తెల్సు ఆంటీ. అంత దూరం వోయి ఊకె ఎట్ల తిరిగొస్త?"

ఆమె చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. అతని మాటల్లో పొరపాటు ఎక్కడుందా అని పాత అలవాటు కొద్దీ వెతికాను. దొరకలేదు. కిందికి చూసుకుంటే నా చేతిలో ముద్దా ఆగే ఉంది. ఆమె ఇటు తిరగకముందే గబుక్కున నోట్లో పెట్టుకున్నాను.