జిగురుముక్క చెరిపిన మాట

లండన్‌కు దూరంగా ఉన్న లిచ్‌ఫీల్డు ఊళ్లో పెద్దచర్చి మూడు శిఖరాల నీడ ఎంతమేర పడుతుందో అంతమేరలో ఉన్న విద్వాంసులందరికీ ఈనాక్ టన్నిక్లిఫ్ తలలో నాలుక. ఈ మాట అలంకారానికి అన్నది కాదు. ఆ రోజుల్లో పెద్దమనుషులంతా విగ్గులు పెట్టుకునేవారు, అతడి వృత్తి ఆ విగ్గులే. శనివారం మధ్యాహ్నానికల్లా వాళ్ల విగ్గులకు చిక్కు తీసి, ఉంగరాలు చుట్టి, తెల్లటి పొడి చల్లి, ఆదివారం ప్రార్థన వేళకు దేవుడి ముందు తలెత్తుకునేలా తయారుచేసి ఇంటింటికీ చేరవేసేవాడు.

విద్వాంసులు ముగ్గురు. డాక్టర్ ఫెర్న్, పాదిరి ఓకోవర్, ఇనుపకొలుముల యజమాని గిల్పిన్. ముగ్గురూ కేకేస్తే పలికే దూరంలో ఉండి కూడా ఉత్తరాలే రాసుకునేవారు. మాట గాలికి పోతుందని, అదే మాట కాగితం మీద పెడితే శాస్త్రమవుతుందని వాళ్ల నమ్మకం. ఆ ఉత్తరాలు తపాలాలో కాక ఈనాక్ విగ్గుపెట్టెల అడుగున ప్రయాణించేవి. తెలిసినదాన్ని దాచడం పాపం కనక వాటికి ముద్ర ఉండేది కాదు. ముద్ర లేనిదాన్ని చదవకపోవడం కూడా పాపమేనని ఈనాక్ తనంతట తాను తీర్మానించుకున్నాడు.

అలా దారిలో చదివి చదివి అతడి బుర్ర నిండిపోయింది. పొగ రాని దీపం ఒకటి వచ్చిందట. గాలిలో రకాలున్నాయట, సీసాలో పట్టవచ్చునట. కార్న్‌వాల్ కొండల్లో పాలలాంటి మన్ను దొరికిందట. దుకాణంలో విగ్గు మీద పొడి చల్లుతుంటే అది కిటికీ వెలుగులో నెమ్మదిగా తేలేది. అందులో ఈనాక్‌కు పాలకొండలూ, గాలిసీసాలు వరసగా పేర్చిన పడవలూ కనిపించేవి. అలాంటప్పుడు ఒకే విగ్గుకు రెండుసార్లు పొడి పడేది. గిల్పిన్ ఆదివారమంతా తుమ్మేవాడు.

ఈ ఉత్తరాలకు ఒక మర్యాద ఉండేది. ఏదైనా కనిపెట్టినవాడి పేరు రాయడం బడాయి కింద లెక్క. అంచేత, భూములున్నవాడైతే ‘బుద్ధిశాలి అయిన ఒక పెద్దమనిషి’ అని రాసేవారు. భూముల్లేకపోయినా తమ భోజనబల్ల దగ్గర కూచోబెట్టుకోదగ్గవాడైతే ‘బుద్ధిశాలి అయిన ఒక మిత్రుడు’. వెనకగుమ్మంలోంచి వచ్చేవాడైతే ‘బుద్ధిశాలి అయిన ఒక మనిషి’. పెద్దమనిషి కావాలన్న దురాశ ఈనాక్‌కు లేదు. చచ్చేలోగా ఒక్క ఉత్తరంలో ఒక్కసారి మిత్రుడు కావాలి, అంతే.

“అయితే ఏం ఒరుగుతుందయ్యా?” అనేది భార్య కెజయా. “వాళ్ల ముందుగుమ్మంలోంచి బయటికొస్తావు. అటునుంచి మనింటికి ఇంకా చుట్టు.”

ఆ వేసవిలో డాక్టరుగారికి ఓడమీది స్నేహితుడొకడు బ్రెజిల్ చెట్టుజిగురు ముద్ద పంపాడు. నల్లగా ఉంటుంది, నొక్కితే లొంగుతుంది, వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు. డాక్టరు దాన్ని ముక్కలు కోసి విగ్గుపెట్టెల్లో పంచాడు. తాను ఒక ముక్క ఉడకబెట్టాడు. గిల్పిన్ కాల్చాడు, వీధివీధంతా ముక్కు మూసుకుంది. పాదిరి మూడు వారాలపాటు గంటగోపురమెక్కి కిందికి వేసి, ఎంతెత్తు ఎగిరిందో కొలిచాడు. గోపురం మీద సిరాబుడ్డి నిలవదు కనక అంకెలన్నీ పెన్సిలుతోనే రాశాడు. కోయగా రాలిన గోరంత తునక ఈనాక్ జేబులోకి చేరింది.

అతడూ తలకొలతలు పెన్సిలుతోనే గీసుకునేవాడు. తప్పు పోతే నిలవరొట్టె నలిపి రుద్దేవాడు. “తినడానికా, తుడవడానికా నేను రొట్టె కాల్చేది?” అని కెజయా రోజూ అడిగేది.

ఆ శనివారం పాదిరి అంకెల కాగితం విగ్గుపెట్టెలోంచి తీస్తుండగా దానిమీద కొంచెం పొడి పడింది. రొట్టె అందుబాటులో లేదు. జేబులో జిగురు తగిలింది. దాంతో మెల్లిగా రుద్దాడు. పొడి పోయింది. దాంతోపాటు ఏడు అంకె కూడా పోయింది.

ఈనాక్ కాగితాన్ని వెలుగులోకి జరిపాడు. ఒక్కసారి జరిగినది కాకతాళీయం కావచ్చు, పదేపదే జరిగితేనే సత్యం అని పాదిరిగారే ఒక ఉత్తరంలో రాశారు. అంచేత పక్కనున్న తొమ్మిదిని రుద్దాడు. తర్వాత నాలుగును. సత్యం నిస్సందేహంగా స్థిరపడేసరికి కాగితం అప్పుడే కొన్నంత తెల్లగా ఉంది.

కనిపెట్టింది చెప్పాలంటే చెరిపింది చెప్పాలి. విగ్గు పట్టుకుని డాక్టరుగారింటికి వెళ్లాడు. పాదిరి అక్కడే ఉన్నాడు.

“ఎన్ని చెరిపావురా?” అన్నాడు పాదిరి.

“అన్నీనండి. ఒకటి చెరిగితే చాలదని తమరే రాశారు కదండీ.”

“నూట నలభై రెండు మెట్లు! మూడు వారాలు! నా మోకాళ్లనడుగు!”

“మోకాళ్లకు కషాయం ఇస్తాలెండి,” అన్నాడు డాక్టరు, నవ్వు రుమాల్లో దాచుకుంటూ. “ఇది లండన్ పండితులకు రాయాల్సిన సంగతి.” పెన్సిలు తీసి చిత్తు మొదలుపెట్టాడు. “బుద్ధిశాలి అయిన ఒక మి...”

“మిత్రుడా? మిత్రుడు చేసే పనేనా ఇది?”

“పోనీ, మనిషి అందాం.”

సిరాతో సాపు రాసే దస్తూరీ పాదిరిది. పాదిరి ఎదురుగానే ఉన్నా, చిత్తు ఎప్పటిలాగే విగ్గుపెట్టెకెక్కింది.

పాదిరి ఇంటికి వెళ్లే దారిలో, పచ్చిక కంచె దాటడానికి వేసిన మెట్టు మీద ఈనాక్ కూచున్నాడు. చిత్తు తీశాడు. ‘మనిషి’ అన్న మాట పెన్సిలుతో ఉంది. జేబులో జిగురుంది. చెవి మీద పెన్సిలుంది. పచ్చికలో గొర్రెలు విగ్గుల్లా తెల్లగా పడుకుని ఉన్నాయి. అతడికి విద్వాంసుల బల్లా, దాని చుట్టూ కుర్చీలూ, వాటిలో ఒక ఖాళీ కుర్చీ కనిపించాయి. రుద్దాడు. మాట పోయింది. పెన్సిలు తీశాడుగాని చెయ్యి సాగలేదు. మిత్రుడన్నది ఒకరు అనాలిగాని తనకు తాను రాసుకునే మాట కాదు. ఖాళీని ఖాళీగానే మడిచి పెట్టేశాడు.

“ఇక్కడేదో మాట ఉండాలే?” అన్నాడు పాదిరి, తన ఇంట్లో చిత్తు విప్పి.

“ఉండేదండి.”

“ఏమైంది?”

“జిగురు తగిలిందండి.”

పాదిరి కాగితాన్ని కిటికీకి పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. “ఓరి నీ... పెన్సిలు నొక్కు కూడా లేదే!” అన్నాడు తనకు తెలియకుండానే. ఈనాక్ వైపు ఒకసారి చూసి, కూచుని కలం ముంచాడు. చొక్కాచేతి అంచు అడ్డమొచ్చి ఆ ఖాళీలో ఏం రాసిందీ ఈనాక్‌కు కనపడలేదు. సిరా ఆరడానికి ఇసక చల్లి, మడిచి, లండన్ ఉత్తరం కనక లక్కముద్ర కూడా వేశాడు. జిగురు సిరాను చెరపలేదని ఇద్దరికీ తెలుసు.

నాలుగు శనివారాలు ఈనాక్ పొడి ఎవరి మీద ఎంత చల్లాడో అతడికే తెలియదు. అయిదో వారం డాక్టరుగారికి విగ్గు పెడుతుండగా లండన్ నుంచి జవాబు వచ్చింది. ఆయన సగం విగ్గుతోనే చదివాడు.

“‘ఆ జిగురును ఇక్కడ అంగళ్లలో ఏడాదిగా ముక్కలు కోసి ఇందుకే అమ్ముతున్నారు. సంగతి మీ మిత్రుడికి నొచ్చుకోకుండా చెప్పగలరు.’ అయ్యో ఈనాక్! ఏడాది ఆలస్యమైపోయామోయ్.”

“ఎవరికి చెప్పమన్నారండీ?”

“మీ మిత్రుడికి, అని ఉంది.”

“సరిగా వినపళ్లేదండి. ఇంకోసారి చదువుతారా?”

డాక్టరు చదివాడు. ఒక్కసారి విన్నది చాలదు కనక ఈనాక్ మూడోసారి కూడా చదివించుకున్నాడు. తర్వాత విగ్గు సరిచేసి, పెట్టె చంకన పెట్టుకుని, ముందుగుమ్మంలోంచి బయటికొచ్చి, చుట్టుదారిన ఇంటికి వెళ్లాడు.