నేను అరిచిన పేరు

మొయినాబాద్ దగ్గరి కాలేజీలో నేను క్రిమినాలజీ ప్రొఫెసర్‌ని. కేసుల్లో ఇరుక్కుని జువెనైల్ హోమ్‌కు వచ్చే పిల్లలకు చాలా ఏళ్లుగా అండగా ఉంటున్నాను. మాకొక కట్టుబాటు ఉంది. ఆ పిల్లలు బయట ఎదురైతే, వాళ్లు పలకరించేదాకా మేం ముక్కూమొహం తెలియనట్టే ఉండాలి. మా పరిచయం బయటపడితే వాళ్ల గతమూ బయటపడుతుంది.

మొన్న చేవెళ్లలో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్‌కు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. తీరా చూస్తే ఒక జట్టు కెప్టెన్ మా హోమ్ పిల్లే! చూపు తిప్పుకుని కూర్చున్నాను.

స్కోరు సమానం. ఆఖరి కూతకు తనే వెళ్లింది. ముగ్గురు పట్టి పడేశారు. గీత జానెడు దూరంలో ఉంది, చెయ్యి అందడం లేదు. నాకు ఒళ్లు తెలియలేదు. కుర్చీ ఎక్కి, ఆమెను పేరు పెట్టి పిలుస్తూ, "చాపవే! ఇంకొంచెం చాపు!" అని గావుకేక పెట్టాను. వేళ్లు గీతను తాకాయి! గెలిచేశారు!

మైదానం ఊగిపోతుంటే పక్కనున్న పీఈటీ సారు అడిగాడు. "మేడం, ఆ పిల్ల మీకెట్ల ఎరుక?"

ఇన్నేళ్లూ కాపాడిన కట్టుబాటు ఒక్క అరుపుతో పోయింది!

అంతలో ఒంటినిండా దుమ్ముతో పరుగెత్తుకొచ్చి, ఆ పిల్ల నా మెడ చుట్టూ చేతులేసింది.

"మా పెద్దమ్మ, సార్! ఇంట్ల గూడ గిట్లనే అరుస్తది!"

కప్పు ఆమె చేతికే అందించాను. ఆమె పేరు ఇక్కడ రాయను. ఎవరైనా అడిగితే మాత్రం మా చెల్లెలి కూతురని చెబుతున్నాను.

నాకు చెల్లెళ్లు లేరు.